గాలి వేసిన తలుపు

బానియా
ఫిబ్రవరి 7

నెవెంకా పిన్నికి,

నీ చెవులు ఫోనుకి పనికిరాకుండా పోవడం ఒకందుకు నాకు మంచిదే అయింది. ఫోనులో అయితే "బాగానే ఉన్నాను" అని పెట్టేసేదాన్ని. కాగితం ముందు కూర్చుంటే అంత తేలిగ్గా తప్పించుకోలేను.

భూకంపం వచ్చి పదమూడు నెలలైంది. ఇప్పటికీ వీధిలో పెద్ద లారీ వెళ్తే మా పిల్లల సంక్షేమ ఆఫీసులో అందరం మాట ఆపేసి పైన దీపం వైపు చూస్తాం. అది ఊగకపోతే మళ్ళీ మాట మొదలుపెడతాం. ఎవరం ఏమీ అనుకోం.

నాకు కొత్తగా ఒక కుటుంబాన్ని అప్పగించారు. ఇళ్ళు పోయినవాళ్ళకి ఇచ్చిన రేకు కంటైనర్లలో ఒకదాంట్లో ముగ్గురు ఆడవాళ్ళు. రూజా అని డెబ్బై ఏళ్ళ బామ్మ, రొట్టెల దుకాణంలో పనిచేసే ఆమె కూతురు బ్లాజెంకా, బ్లాజెంకా కూతురు తోంకా. తోంకాకి పన్నెండేళ్ళు. తండ్రి ఎప్పుడో జబ్బు చేసి పోయాడు. ఈ పిల్ల నవంబరు నుంచి బడికి వెళ్ళడం లేదు. కోటు వేసుకుని, బూట్ల లేసులు బిగించి కట్టుకుని పగలంతా గుమ్మంలోనే కూర్చుంటుంది. తలుపు బార్లా తీసి, ఎవరూ వేయకుండా తన ఉన్ని శాలువాతో మెట్ల కమ్మీకి కట్టేస్తుంది. నేను వెళ్ళిన రోజు గడ్డ కట్టే చలి. లోపల హీటరు మండుతోంది, వేడంతా ఊళ్ళోకి పోతోంది.

పక్క కంటైనర్ వాళ్ళు మాకు ఫిర్యాదు రాశారు, పిల్లని చలిలో బయట పడేస్తున్నారని. పిల్ల మణికట్టు మీద అయిదు వేళ్ళ కమిలిన మచ్చ నేనే చూశాను. "నేనే లాగానమ్మా. లోపలికి రావే, గాలి కొడుతుంది, మూత్రపిండాలు చెడిపోతాయే అంటే వింటుందా? నిండా పెంకితనం" అంది బామ్మ, దాచకుండా. అంటూనే నా కాళ్ళకి తను ఉన్నితో అల్లిన ఇంటి చెప్పులు తొడిగింది, కాఫీ పెట్టింది. తోంకాని ఏమడిగినా గుమ్మం దగ్గర విప్పిన నా బూట్లు ఎక్కడున్నాయో చూసేదే తప్ప నోరు విప్పలేదు.

మా పై అధికారి దుబ్రావ్కా గారు ఫైలు తెరవకుండానే తేల్చేశారు. "పిల్లని ఆ ఇంట్లోంచి తీసేయాలి. రేపు ఏదైనా అయితే పేపర్లో పడేది నీ పేరే" అన్నారు. నిజమే. పోయిన ఏడు ఇంకో జిల్లాలో బిడ్డని ఇంట్లోనే ఉండనివ్వమని రాసిన అమ్మాయి ఇప్పుడు కోర్టుల చుట్టూ తిరుగుతోంది. మార్చి ఆఖరుకి నేను నివేదిక ఇవ్వాలి. ఉంచమని రాస్తే ఒక భయం, తీసేయమని రాస్తే ఇంకో భయం. మనసుకి గాయమైన పిల్లలతో ఎలా మెలగాలో మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు, ఆ పత్రం నా గోడ మీదే ఉంది. దాన్ని చూస్తే నాకు సిగ్గేస్తోంది. ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేశావు కదా, ఏం చేయమంటావు?

నీ వేద్రానా


కార్లోబాగ్
ఫిబ్రవరి 15

వేద్రానాకి,

ఇక్కడ నాలుగు రోజులుగా బూర గాలి. కొండ మీద నుంచి దిగిందంటే దానికి చిన్నాపెద్దా లేదు. వంతెన మూసేశారు, టపా ఆలస్యం. నీ ఉత్తరం తడిసి వచ్చింది.

ముందు ఆ గోడ మీది పత్రం సంగతి వదిలెయ్. పద్ధతి అని పెద్ద పేరు పెట్టారు గానీ అది మర్యాద, అంతే. ఈ పిల్లకి ఏం రోగం అని చూడకు. ఈ పిల్ల మీద ఏం పడింది అని చూడు. పన్నెండేళ్ళ పిల్ల చలిలో కూర్చుందంటే లోపల చలి కంటే భయపడాల్సింది ఏదో ఉంది. అది బామ్మ కావచ్చు, కాకపోవచ్చు. పెంకితనం మాత్రం కాదు. పెంకి పిల్లలు వెచ్చగా కూర్చునే పెంకితనం చేస్తారు.

ఈసారి వెళ్ళేముందు కబురు పంపు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంతసేపు అన్నీ చెప్పు, చెప్పినట్టే చెయ్. నోటు పుస్తకం సంచిలోనుంచి తియ్యకు. గుమ్మానికీ పిల్లకీ మధ్య కూర్చోకు, పిల్ల దారి పిల్లకి వదులు. ఏం జరిగిందో చెప్పమని అడగకు. చెప్తే విను, చెప్పకపోతే కాఫీ తాగి రా. బామ్మని కూడా తప్పుపట్టే చూపు చూడకు. ఆమె మీద కూడా అదే ఇల్లు కూలింది.

నువ్వు తింటున్నావా? అమ్మ ఉంటే అడిగే ప్రశ్న ఇది, ఇప్పుడు నా వంతు. నీ ఉత్తరంలో అక్షరాలు వణికినట్టున్నాయి. నీ భయం ఆ ఇంట్లోకి మోసుకెళ్ళకు, పిల్లలు దాన్ని కుక్కల్లా పసిగడతారు.

పిన్ని


బానియా
మార్చి 2

పిన్నీ,

ఘోరం జరిగింది. ముందు నుంచి చెప్తాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. శుక్రవారం పదింటికి వస్తానని కబురు పంపి పదింటికి వెళ్ళాను, పిల్ల గుమ్మం దగ్గర, నేను లోపల బల్ల దగ్గర. నోటు పుస్తకం బయటికి తియ్యలేదు. అరగంట అయ్యాక తోంకా తనంతట తనే "నువ్వు పదకొండింటికి వెళ్ళిపోతావు కదా" అంది. అవునన్నాను. "వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళు" అంది. అది నాతో ఆ పిల్ల మొదటి మాట.

తర్వాత బామ్మ చెప్పింది, పిల్ల వింటూండగానే. భూకంపం నాడు తోంకా వంటింటి కొట్టుగదిలో ఉంది. చట్రం వంగి తలుపు బిగిసిపోయింది. బామ్మ ఇవతల. "భయపడకే, ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా అంటూనే ఉన్నానమ్మా. తర్వాత పైనుంచి ఏదో పడి నాకు స్పృహ పోయింది" అంది బామ్మ. పిల్లకి తెలిసిందల్లా అవతల మాట ఆగిపోవడమే. రెండు గంటలు చీకట్లో, బామ్మ చచ్చిపోయిందనుకుంటూ ఉంది. మనుషులొచ్చి తలుపు పగలగొట్టేదాకా అరవలేదట కూడా. ఇక ఆ పిల్ల గుమ్మంలో ఎందుకు కూర్చుంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నా నివేదికలో ఏం రాయాలో అక్కడే తెలిసిపోయింది. నాకు సంతోషం వేసింది, పిన్నీ, ఆ కథ విని సంతోషం వేసిందని చెప్పడం తప్పేమో.

ఆరిన బట్టలు తేవడానికి బామ్మ గంప తీసుకుని బయటికి వెళ్ళింది. తోంకా తన బొమ్మల పుస్తకం తెచ్చి నాకు చూపించడానికి లోపలికి వచ్చింది. అప్పుడు గాలికి తలుపు పడింది. పిల్ల అరవలేదు. నేను లేచేలోపే కిటికీ అద్దం మీద పడింది, రెండు చేతులతో, తలతో. అద్దం పగిలింది. మోచేతి నుంచి మణికట్టు దాకా తెగింది, పదిహేడు కుట్లు పడ్డాయి.

మర్నాడే దుబ్రావ్కా గారు పిల్లని నగరంలో పిల్లల వసతి గృహానికి పంపేశారు. ఆ ఇల్లు ప్రమాదకరమనడానికి ఇంకేం రుజువు కావాలి అన్నారు. గాలి అని నేను రాసిందాన్ని నమ్మలేదు. బామ్మని పిలిపించి అడిగారు. "నేనే వేసుంటాను. బయటికి వెళ్తూ వెనకాల లాగేసుంటాను, జన్మంతా అలవాటు" అని ఆమె సంతకం పెట్టేసింది. మే నెలలో కమిటీ కూర్చుంటుంది. పిల్ల మళ్ళీ ఇంటికి వస్తుందో రాదో ఆ రోజు తేలుతుంది.

నాకు నిద్ర లేదు.

వేద్రానా


కార్లోబాగ్
మార్చి 10

వేద్రానా,

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పిల్ల తలుపుని శాలువాతో కమ్మీకి కట్టేస్తుందని మొదటిదాంట్లో రాశావు. ఇక్కడ గాలి పడవల్ని రోడ్డు మీదికి విసురుతుంది, ఇళ్ళ పెంకులు ఎత్తుకుపోతుంది. నలభై ఏళ్ళలో అది ఒక ముడి విప్పగా నేను చూడలేదు. బామ్మ చేతిలో గంప ఉందని నువ్వే రాశావు. రెండు చేతులా గంప పట్టుకున్న ముసలిది ముడి ఎలా విప్పుతుంది?

నువ్వు వేశావు. వీపుకి గాలి కొట్టింది, లేచి, ముడి విప్పి, వేశావు. నీకు తెలియకుండానే చేతులు చేసేసి ఉంటాయి. మీ అమ్మా, నేనూ, మా అమ్మా అందరం ఈ గాలి భయంతోనే పెరిగాం. రెండు కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉంటే ప్రాణం పోతుందని మనకి పాలతో పట్టించారు.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఎవరికీ చెప్పకు.

నేను ఈ మాట రాస్తానని నువ్వు అనుకోలేదు కదా. నేనూ అనుకోలేదు. నువ్వు చెప్తే ఉద్యోగం పోతుంది, అది చిన్న సంగతి. పిల్ల ఒళ్ళు కోసుకుపోయింది, నువ్వు తప్పుడు నివేదిక ఇచ్చావు, అది కోర్టు దాకా వెళ్ళే సంగతి. ఎవరో ఏదో పరధ్యానంలో చేశారు, ముసలామె ఒప్పుకుంది, ఫైలు మూసుకుంటుంది. పిల్లకి కొన్నాళ్ళు వేరే చోట, అంతే.

ముప్ఫై ఏళ్ళ కిందట, యుద్ధం రోజుల్లో ఇక్కడి హోటళ్ళ నిండా కాందిశీకులు. ఏడేళ్ళ పిల్ల ఒకతి ఉండేది, పేరు స్మిల్యా. వాళ్ళ నాన్నని ఎలా తీసుకుపోయారో ఆ పిల్ల చేత మూడు సార్లు చెప్పించాను, మూడు కమిటీల ముందు. నా పని నేను చేస్తున్నాననుకున్నాను. మూడోసారి తర్వాత ఆ పిల్ల మాట పోయింది. పుట్టుకతోనే మాటలు సరిగా రావని కాగితం మీద రాశాను. తల్లి దగ్గర నుంచి తీసి ప్రత్యేక బడికి పంపారు. ఎవరూ నన్ను అడగలేదు. ఇప్పటికీ పదకొండింటికి టపా అతను మెట్లెక్కుతూ కనిపిస్తే తలుపు తీయడానికి వెనకాడతాను, ఎవరో రాశారేమోనని. అలా బతకొచ్చు. నేను బతికాను.

ఈ ఉత్తరం కాల్చెయ్.

పిన్ని


బానియా
ఏప్రిల్ 4

పిన్నీ,

కాల్చలేదు.

అవును, నేనే వేశాను. అప్పటికి పది నిమిషాల కిందటే ఆ కొట్టుగది కథంతా విన్నాను. అయినా నడుముకి చల్లగా తగిలేసరికి లేచాను. శాలువా ముడి బిగుసుకుపోయి ఉంటే గోళ్ళతో విప్పాను, పిన్నీ. "అమ్మ బాబోయ్, గాలి" అన్నాను కూడా, నవ్వుతూ. తోంకా నా వైపే చూస్తోంది. తలుపు గడియ పడిన చప్పుడు వినపడేదాకా ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు.

నీ ఉత్తరం వచ్చిన వారం హాయిగా ఉన్నాను. అది కూడా చెప్పాలి. పిన్నే చెప్పింది కదా అనుకున్నాను. తిండి తిన్నాను, నిద్రపోయాను. తర్వాత ఫైలు పని మీద వసతి గృహానికి వెళ్ళాల్సి వచ్చింది.

మంచి చోటే అది. శుభ్రంగా ఉంది, పిల్లల్ని ఎవరూ కొట్టరు. నిప్పు భయానికి ప్రతి తలుపుకీ పైన ఇనప చేయి ఒకటి పెట్టారు, మనిషి దాటగానే తలుపు తనంతట తనే మూసుకుంటుంది. అక్కడి ఆయా నాతో మురిసిపోతూ చెప్పింది: "ఎంత బుద్ధిమంతురాలో. ఏదీ అడగదు, ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చుంటుంది. మొదటి రెండు రోజులు తలుపుల దగ్గర కాస్త అల్లరి చేసింది, ఇప్పుడదీ లేదు." ఆ కొట్టుగదిలో కూడా ఈ పిల్ల అరవలేదని బామ్మ చెప్పింది నాకు గుర్తుంది.

తోంకా మంచం అంచున కూర్చుని ఉంది. బూట్లు లేవు, వాళ్ళే తీసి దాచారట. నన్ను చూసి భయపడలేదు, కోప్పడలేదు.

"అక్కా, ఒకటి అడగనా?" అంది.

"అడుగు."

"తలుపు గాలికే పడిందా?"

నేను ఫైలుని ఒళ్ళోకి లాక్కున్నాను.

"నేను మొదట ఇక్కడి ఆంటీ వాళ్ళకి నువ్వు వేశావని చెప్పాను. వాళ్ళు కాగితం చూసి, గాలి అని రాసుంది కదా తల్లీ అన్నారు. తర్వాత బామ్మ తను వేశానంది. అందరూ పెద్దవాళ్ళే కదా. నాకే సరిగ్గా గుర్తులేదేమో" అంది. మళ్ళీ, "మరి కొట్టుగదిలో సంగతి కూడా నాకు తప్పుగానే గుర్తుందా? బామ్మ మాట ఆగిపోలేదా?" అంది.

పిన్నీ, అప్పటిదాకా నా భయం కోర్టంటే, పేపరంటే, దుబ్రావ్కా గారంటే. ఈ పిల్ల ఆ మాట అన్నాక నాకు నేనంటేనే భయం వేసింది. ఆ చీకట్లో రెండు గంటలు ఆ పిల్లకి మిగిలింది తన బుర్ర ఒక్కటే. ఇప్పుడు దాన్ని కూడా నమ్మొద్దని నేను నేర్పుతున్నాను. చేతులు కుట్టించుకుంటే మానుతాయి.

"నీకు అంతా సరిగ్గానే గుర్తుంది" అన్నాను. అంతకు మించి చెప్పే ధైర్యం లేక బయటికి వచ్చేశాను. వెనకాల తలుపు దానంతట అదే మూసుకుంది.

కమిటీ ముందు చెప్పేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఎంత భయంగా ఉందంటే రాత్రి పూట దుప్పటి కొరుక్కుంటున్నాను. చెప్పొద్దని నువ్వు ఇంకొక్కసారి రాస్తే చెప్పనేమో. అందుకే రాయొద్దని అడుగుతున్నాను.

వేద్రానా


కార్లోబాగ్
ఏప్రిల్ 12

వేద్రానా,

రాయను.

ఆ ఉత్తరం నీ కోసం రాయలేదు, నా కోసం రాసుకున్నాను. నువ్వు చెప్తే నేను చెప్పనిది ఇంకా పెద్దదవుతుందని భయం వేసింది. ఇప్పుడూ ఉంది. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

స్మిల్యాకి ఇప్పుడు ముప్ఫై ఏడేళ్ళుంటాయి. బతికి ఉంటే.

ఒక్కటే చెప్తాను, పాత ఉద్యోగస్తురాలిగా. కమిటీ కంటే ముందు పిల్లకి చెప్పు. గదిలో అందరి మధ్య మొదటిసారి విననివ్వకు. ఆ రోజు ఉంటుందో ఉండదో దాన్నే తేల్చుకోనివ్వు.

వెచ్చటి బట్టలు వేసుకుని వెళ్ళు. ఏం చేయను, నాకు రాయడానికి ఇంకేమీ తోచడం లేదు.

పిన్ని


బానియా
మే 9

పిన్నీ,

అయిపోయింది. గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా చదువుకో.

ముందు రోజు వసతి గృహానికి వెళ్ళాను. తోంకాని పెరట్లోకి రమ్మని, ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాక చెప్పాను. ముడి విప్పింది నేను, తలుపు వేసింది నేను, గాలి అని రాసింది నేను. ఎందుకు రాశావని అడిగింది. భయం వేసి అన్నాను. "నీకు కూడానా?" అంది. రేపు నువ్వు గదిలో ఉండక్కర్లేదు, ఉండాలనుకుంటే ఉండొచ్చు అన్నాను. చాలాసేపు చెప్పులతో నేల గీసింది. "ఉంటాను. బామ్మ కూడా ఉండాలి" అంది.

గదిలో బల్లకి అటువైపు అయిదుగురు. దుబ్రావ్కా గారు నా పక్కనే. నా నివేదిక చదవమన్నప్పుడు లేచాను. రాసుకున్నది చదవలేదు. "ఆ రోజు తలుపు వేసింది రూజా గారు కాదు, గాలీ కాదు. నేను" అన్నాను. దుబ్రావ్కా గారు నా మోచెయ్యి పట్టుకుని "కూర్చో, ఒంట్లో బాగాలేదు నీకు" అన్నారు. నేను కూర్చోలేదు. మొత్తం చెప్పాను, గోళ్ళతో విప్పిన సంగతితో సహా. మాట మధ్యలో వీధిలో లారీ వెళ్ళింది. కమిటీ వాళ్ళతో సహా అందరం పైకి చూశాం.

నేను చెప్పడం అయ్యాక తోంకా వాళ్ళ బామ్మ వైపు తిరిగి, "విన్నావా బామ్మా. నేను చెప్పానుగా" అంది. గొంతు పెంచలేదు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, పిన్నీ, పోయిన వస్తువు దొరికినప్పుడు ఉంటుందే, అది.

బామ్మ నన్ను క్షమిస్తుందని నాలో ఎక్కడో ఆశ ఉండేది. అది కూడా నీ దగ్గర దాచను. ఆమె కుడిచేయి బల్ల మీద పెట్టి నాకు చూపించింది. "రెండు నెలలమ్మా. రోజూ ఈ చేతిని తిట్టుకున్నాను. దీన్ని నరుక్కుంటే నా మనవరాలు తిరిగొస్తుందా అని మా బ్లాజెంకాని అడిగాను. నా కాఫీ తాగావు. నేను అల్లిన చెప్పులు తొడుక్కున్నావు" అంది. నేను తల దించుకున్నాను. బ్లాజెంకా ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు.

మధ్యాహ్నానికి తేల్చారు. తోంకా ఇంటికి వెళ్తుంది, ఈరోజే. ఆరు నెలలు వేరే ఉద్యోగి వచ్చి చూస్తుంది. తలుపు వేయమని పిల్లని ఎవరూ బలవంతం చేయకూడదని కాగితం మీదే రాశారు. బడి గురించి తొందర లేదన్నారు. నన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు, విచారణ ఉంటుంది. అద్దం కోత సంగతి పోలీసులకి వెళ్తుందో లేదో ఇంకా చెప్పలేదు. ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను, తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను. రేపు ఎవరు తడతారోనని భయంగానే ఉంది. స్మిల్యా సంగతి నువ్వేం చేస్తావో నేను అడగను.

కమిటీ ఆఫీసు మెట్ల దగ్గర వాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోతూంటే తోంకా ఒక్కతే వెనక్కి వచ్చింది. కట్టు విప్పిన చేయి కోటు జేబులో పెట్టుకుని నా ముందు నిలబడింది.

"అక్కా, నువ్వు మళ్ళీ మా ఇంటికి రాకు" అంది.

నాకు చాలా చెప్పాలనిపించింది. ఎలా ఉన్నావో చూడ్డానికి ఒక్కసారి, దూరం నుంచి అయినా, అని నోటిదాకా వచ్చింది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల తన కోసం నన్ను అడిగింది ఇదొక్కటే, పిన్నీ.

"రాను" అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూసింది, ఈసారి నిజమే చెప్తున్నానో లేదో అని. తర్వాత తల ఊపి, వాళ్ళ బామ్మ చేయి పట్టుకోవడానికి పరిగెత్తింది.

వేద్రానా